ఆఖరివాడు గెలిచిన పందెం

 



వైశాఖ పున్నమికి రాజోలు, అమలాపురం వైపు నుంచి కొన్ని కుటుంబాలం కలిసి ఆదుర్రు స్తూపం దగ్గరికి వెళ్ళాం. మామిడికుదురు మండలంలో వైనతేయ గోదావరి ఒడ్డునున్న ఆ ఇటుకల దిబ్బనే ఊళ్ళో దుబరాజు గుడి అంటారు. త్రిశరణ పంచశీలాలు చెప్పుకుని, తెచ్చుకున్న పులిహోర తిని చెట్టు నీడన కూర్చున్నాం. ఒక కుర్రాడు ఫోనులో పాత వీడియో పెట్టాడు. ఐసు మీద పరుగు పందెం. ముందున్నవాళ్ళంతా ఒకేసారి పడిపోయారు, వెనకాల వస్తున్న ఆఖరివాడు గెలిచాడు. పిల్లలు గొల్లుమని నవ్వారు.

పక్కనున్న పెద్దావిడ "ఎంత పెట్టి పుట్టాడో!" అంది. ఇంకొకాయన "దేవుడి దయ, ఇంకేటి" అన్నాడు. ఫోను పట్టుకున్న కుర్రాడు "అదేం కాదండి, ఉత్త లక్కు" అని కొట్టిపారేశాడు.

ముగ్గురూ మన వాళ్ళే. ముగ్గురూ అప్పుడే బుద్ధం శరణం అన్నవాళ్ళే. ఆ మూడు మాటల్నీ భగవానుడు ఏనాడో ఒక్కచోట చేర్చి కాదన్నాడు. అంగుత్తర నికాయంలో తిత్థ సుత్తం చూడండి. మనిషి అనుభవించేదంతా పూర్వజన్మ కర్మ వల్లనే అనేవాళ్ళు ఒక జట్టు. అంతా ఈశ్వరుడు చేసిందే అనేవాళ్ళు రెండో జట్టు. దేనికీ హేతువూ లేదు, కారణమూ లేదు అనేవాళ్ళు మూడో జట్టు. ఈ మూడింట్లో ఏది నమ్మినా ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు అనుకోడానికి చోటుండదు, ప్రయత్నం చచ్చిపోతుంది అన్నది ఆయన అభ్యంతరం. మొదటి రెండింటినీ మనం వదిలేశాం అనుకుంటాం. మూడోది మాత్రం లక్కు అనే పేరుతో, చదువుకున్న పిల్లల నోట్లోంచే వచ్చేస్తోంది.

ఇంతకీ ఆ పందెం సంగతి చెప్పాలి. మన కోనసీమకి ఐసంటే ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, పగలగొట్టి రొయ్యల మీద పోసే దిమ్మలే. దాని మీద కత్తుల్లాంటి చక్కీలు కట్టుకుని పరిగెత్తే ఆటని షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ అంటారు. చుట్టు కొలత 111 మీటర్ల పైచిలుకు, అంతే. ఎవరి గీత వాళ్ళకి ఉండదు, అందరూ ఒకే దారిలో ఒరుసుకుంటూ పోవాలి. మలుపులో ఎడమచెయ్యి ఐసుకి ఆనేంతగా వంగుతారు. ఒకడు జారితే పక్కవాడినీ తీసుకుపోతాడు. మనకి మరీ పరాయి ఆటేం కాదు లెండి. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి స్కేటింగులో బంగారు పతకం తెచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింకులో ఆసియా దేశాల షార్ట్ ట్రాక్ పోటీలు జరిగాయి.

వీడియోలో గెలిచినవాడు స్టీవెన్ బ్రాడ్‌బరీ, ఆస్ట్రేలియావాడు. 2002 ఫిబ్రవరి 16న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఒలింపిక్స్, వెయ్యి మీటర్ల ఫైనల్. ఐదుగురున్నారు. ఆఖరి మలుపులో ముందున్న నలుగురూ కుప్పగా పడ్డారు. ఇతను తాపీగా వచ్చి గీత దాటాడు. శీతాకాల ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకి అదే మొదటి బంగారు పతకం. ఇప్పటికీ ఆ దేశంలో, అనుకోకుండా గెలిచినవాణ్ణి అతని పేరుతో ఆటపట్టిస్తారట.

వీడియోలో కనపడని సంగతి ఇంకోటుంది. 1994లో మాంట్రియల్ పోటీలో పక్కవాడి చక్కీ అతని తొడని కోసేసింది. ఒంట్లో నాలుగు లీటర్ల నెత్తురు పోయింది, 111 కుట్లు పడ్డాయి. 2000లో సాధన చేస్తుండగా మెడ ఎముక విరిగింది. ఇక ఆడలేవన్నారు. అయినా వచ్చాడు. ఫైనల్ రోజున వేగంలో వాళ్ళతో తూగలేనని అతనికే తెలుసు. అదే రాత్రి ముందు పందేలు పరిగెత్తి ఒళ్ళు అలిసింది. గుంపులో దూరితే తనూ పడతాడు. అందుకని కోచ్‌తో మాట్లాడుకునే వెనకాల ఉన్నాడు. ఆ పతకం చివరి నిమిషంన్నరకి కాదు, అంతకు ముందు పదేళ్ళ కష్టానికి తీసుకుంటున్నానని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

మరి ఇదంతా అతని గొప్పేనా? అదీ కాదు. మిగతావాళ్ళు పడకపోతే అతను ఐదోవాడే. అతని సాధన ఒక కారణం, వాళ్ళ తొందర ఒక కారణం, ఆ ఇరుకు మలుపు ఒక కారణం. పటిచ్చసముప్పాదం అంటే ఇదే. ఇన్ని కలిస్తే ఆ ఫలితం వచ్చింది, ఒక్కటి తప్పితే రాదు.

ఈ ఆట గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మన పేట పిల్లకి ఇంజినీరింగ్ సీటొస్తే ఎదుటి వీధిలో ఏమంటారో మీకు తెలుసు. "కోటాలో వచ్చింది, అప్పనంగా." అంటే వెనకాల నిలబడింది, ముందువాళ్ళు పడ్డారు, గెలిచేసింది అని. తల్లి కొబ్బరి కళ్ళంలో కాయ వలిచిన ఏళ్ళు వాళ్ళకి కనపడవు. తాత బడి బయట కూర్చుని అక్షరాలు నేర్చుకున్నది కనపడదు. ఆ కోటా వెనక బాబాసాహెబ్ కరిగించిన జీవితం అసలే కనపడదు. వాళ్ళు అనడం సరే, ఆ పిల్ల తండ్రే నాతో "ఏదో మా అదృష్టం అండి" అన్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. శత్రువు మాటని మనమే వినయం అనుకుని మోస్తున్నాం.

ఓడినప్పుడు ఇంకా ఘోరం. కొత్తపేట వైపు ఒక లంకలో మనవాడొకడు కానిస్టేబుల్ రాతపరీక్షలో నాలుగు మార్కుల్లో పోయాడు. గోడ మీద బాబాసాహెబ్ పటం. పటం కింద కూర్చుని వాళ్ళమ్మ "వాడి తలరాత అంతే" అంది. జాతకం చూపించి, రాయి ఉంగరానికి డబ్బు కూడా పోగేసింది. "ద బుద్ధా అండ్ హిజ్ ధమ్మ"లో బాబాసాహెబ్ గతజన్మ కర్మని అంత గట్టిగా ఎందుకు కాదన్నారు? పేదవాడి పేదరికానికి వాడి పాత పాపమే కారణమైతే, ప్రభుత్వం గానీ సమాజం గానీ జవాబు చెప్పక్కర్లేదు కదా. ఆ తల్లి తెలియకుండానే అందరికీ మాఫీ రాసిచ్చేసింది.

నేను ఆవిడ పక్కన కూర్చుని లెక్క అడిగాను. పరీక్ష ముందు వరదొచ్చింది. వారం రోజులు ఇంట్లో నీళ్ళు. పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. తగ్గాక కుర్రాడికి జ్వరం. సాయంత్రాలు కొబ్బరి దింపుకి పోయేవాడు. జ్వరం కూడా కర్మేనా అంది. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడూ భగవానుణ్ణి ఇలాంటిదే అడిగాడు. బాధలన్నీ పాత కర్మ వల్లే కాదు, పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఋతువు మారడం వల్ల కూడా వస్తాయని, ఇది లోకమంతా చూస్తున్నదేనని ఆయన జవాబు. అది చెప్పేసరికి ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే వరదని ఆపలేం, పుస్తకాల్ని ఆపొచ్చు" అంది.

ఉంగరం డబ్బుతో కొత్త పుస్తకాలు కొన్నారు. దింపు పని ఆర్నెల్లు మాని, బదులుగా అన్న ఇంటి ఖర్చు చూస్తానన్నాడు. ఈ ఏడు గోదావరికి ఎర్రనీరు రాకముందే ఆ పుస్తకాలు మన విహారంలో పై అటక మీదికి చేరాయి. కుర్రాడు సాయంత్రం వందన అయ్యాక అక్కడే లైటు కింద కూర్చుంటున్నాడు.

భవతు సబ్బ మంగళం.