మొదటి మడి నష్టం ఎవరిది?



ఊళ్లోకి కొత్త సాగు పద్ధతి వచ్చినప్పుడు సన్నకారు రైతు "ముందు పక్కవాణ్ణి వేయనీ, చూద్దాం" అంటాడు. చదువుకున్న మనం దాన్ని మూఢత్వం అంటాం. నిజంగా అది మూఢత్వమేనా?

శ్రీ వరి సాగునే తీసుకోండి. ఫ్రాన్సు దేశపు యేసుసభ గురువు ఫాదర్ ఆన్రీ ద లొలానియే 1961లో మడగాస్కర్ వెళ్లి, అక్కడి పేద రైతుల పొలాలను ఏళ్ల తరబడి గమనించి దీనికి రూపమిచ్చారు. 1983లో 15 రోజుల లేత నారును నాటవలసి రాగా, అది దండిగా పిలకలు వేయడం ఆయన చూశారు. ఆ పద్ధతి 2003 ఖరీఫ్‌లో మన రాష్ట్ర రైతుల పొలాలకు చేరింది. 8 నుండి 12 రోజుల నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, ఎకరానికి 2 కిలోల విత్తనం. నీరు నిలవగట్టనక్కరలేదు.

వినడానికి బాగుంది. కాని నాటిన తొలి వారాల్లో మడి బోసిగా కనబడుతుంది. గట్టు మీద పోయేవాళ్లు నవ్వుతారు. లేత నారు నాటే కూలీలు దొరకాలి, కలుపు యంత్రం పదేపదే నడపాలి, నీరు మన చేతిలో ఉండాలి. ఇవి కుదరక మానుకున్నవారూ ఉన్నారు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవక తప్పని రైతు వెనకాడితే తప్పేమిటి? పునీత తోమాసు అక్వినాసు జాగ్రత్తను కూడా వివేకంలో ఒక భాగంగానే లెక్కించారు.

అయితే అందరూ గట్టు మీదే నిలబడితే నేర్చుకునేదెవరు? ఇక్కడే అసలు ధర్మసందేహం. మొదటి రైతు మడి పండితే ఊరంతా నేర్చుకుంటుంది. ఎండితే కూడా ఊరంతా నేర్చుకుంటుంది. పాఠం అందరిదీ, నష్టం మాత్రం అతనొక్కడిదీ. ఇది న్యాయం కాదు.

కనుక సలహా ఇచ్చేవారు లాభంతోపాటు కష్టాన్ని కూడా దాచకుండా చెప్పాలి. ఎకరం కాదు, పది సెంట్లతో మొదలుపెట్టమనాలి. ఆ పది సెంట్లు దెబ్బతింటే గింజల లోటును నలుగురూ కలిసి పూడ్చాలి. కలుపు యంత్రాన్ని పదిమంది కలిసి కొనుక్కోవచ్చు. పక్కవాడి పొలం చూసి నేర్చుకునే మనకు అతని నష్టంలో పాలు లేదా? ఈ నాట్లకు ముందే మీ ఊళ్లో కూర్చుని ఆలోచించండి.