ఎవరి నెత్తురు? ఎవరి లెక్క?

ఒక మనిషి దగ్గర నెత్తురు తీసుకుని, అందులో వ్యాధి వున్నదీ లేనిదీ పరీక్షించి, ఆ నెత్తురు ఎవరిదో ఎవరికీ తెలియకుండా ముందుగానే ఏర్పాటు చేసుకోవటం న్యాయమేనా? ఇది వట్టి తర్కశాస్త్రపు ప్రశ్న కాదు. 1998 నుంచి, మొదట ఏటా, తర్వాత రెండేళ్ళకొకసారి, మన దేశంలో హెచ్.ఐ.వి. వ్యాప్తిని అంచనా కట్టటానికి అనుసరించిన పద్ధతికి పునాది ఇదే. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో గర్భిణీ స్త్రీలకు సిఫిలిస్ పరీక్షకోసం తీసిన నెత్తురులో కొంత వేరు చేసి, పేరు తొలగించి, హెచ్.ఐ.వి.కి పరీక్షించేవారు. కేంద్రానికి 400 నమూనాలు.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదం తోసివేయదగింది కాదు. పేరు అడిగితే భయపడేవారు ముందుకు రారు. వారు రాకపోతే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే మందూ డబ్బూ అవసరమైన చోటికి చేరవు. పైగా, కొల్లేటి లంకనుంచి ఏలూరు ఆసుపత్రికి వచ్చిన ఒక కూలీ స్త్రీకి ఈ వ్యాధి వున్నట్టు వూళ్ళో పొక్కితే ఆమెకు జరిగే మర్యాద ఏపాటిదో మనకు తెలుసు. అలాంటి సంఘంలో పేరు చెరిపివెయ్యటం ఒక రక్షణే.

ఐతే ఏ ధర్మమైనా భౌతిక పరిస్థితులను బట్టే నిలుస్తుంది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వటం ప్రారంభించింది. అంతకు ముందు వైద్యుడు ఆమెకు చెప్పగలిగిన దుర్వార్తే తప్ప ఇవ్వగలిగింది చాలా తక్కువ. ఆ తర్వాత, తెలియటమే బతకటానికి మొదటి మెట్టయింది. ఒకనాడు ఆమెను కాపాడిన మౌనమే మరొకనాడు ఆమెకు అపకారం చేయగలదు. కోరితే వేరుగా పరీక్ష చేస్తారు కదా అంటారు. కోరాలని తెలిసినవారికే ఆ మాట సమాధానమవుతుంది. 2017 నాటి చట్టం పరీక్షకు అంగీకారం తప్పనిసరి చేసింది. పేరులేని గణనకు మినహాయింపునిచ్చింది. కాని గణన ఉద్దేశమేమిటో నెత్తురు ఇచ్చేవారికి చెప్పి తీరాలన్నది. అర్థమయ్యే మాటల్లో చెప్పినప్పుడే అది చెప్పినట్టు.

ఇంతకన్నా లోతైన ప్రశ్న మరొకటి వుంది. తమ్మిలేరూ బుడమేరూ వచ్చి కలిసే కొల్లేటిలో ఒక్కచోట గెడ దించి, సరస్సు లోతంతా ఇదేనంటే పడవవాడు నవ్వుతాడు. ఈ గణనలో జరిగింది అదే. 2004-05లో గుంటూరు జిల్లాలో పరిశోధకులు ఇళ్ళకు వెళ్ళి 12,000 మందికి పైగా నెత్తురు పరీక్షించారు. ఆసుపత్రుల లెక్కనుబట్టి కట్టే అంచనా, వారికి తేలినదానికి రెట్టింపును మించి వుంది. కారణం స్పష్టం. సర్కారు ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువమంది బీదవారు; వ్యాధి వుందనుకున్న రోగులను ప్రైవేటు వైద్యులు పంపించేదీ అక్కడికే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్షమందికి పైగా పరీక్షించిన తర్వాత, 50 లక్షలు దాటిన దేశపు అంచనా 2007లో సుమారు 25 లక్షలకు దిగింది.

అంటే, బీదల నెత్తురు దేశపు నెత్తురుగా లెక్కకెక్కింది. డబ్బున్నవారి నెత్తురు వారి గుట్టుగానే మిగిలింది. జబ్బు బీదవారి జబ్బన్న అపవాదుకు ఆ లెక్కే ఆధారమయింది. గోప్యత హక్కయితే అది అందరికీ హక్కు కావాలి. గణన బాధ్యతయితే ఆ బాధ్యతను అందరూ మొయ్యాలి.

2023 అంచనాల ప్రకారం మన దేశపు వయోజనుల్లో ఈ వ్యాధి వున్నవారు 0.2 శాతం మాత్రమే. శాతంగా చూస్తే అల్పం. మనుషులుగా చూస్తే సుమారు 25 లక్షలు. అంకె చిన్నదయినకొద్దీ నిధులు తగ్గించవచ్చుననే బుద్ధి పాలకులకు పుట్టటం సహజం. కాని గణన లేకపోతే ఆ చిన్న అంకె ఎప్పుడు పెద్దదవుతున్నదో కూడా తెలియదు. కనుక గణన మానాలని కాదు మన వాదన. నెత్తురు ఇచ్చినవారికి అంకె ఋణపడి వుంటుంది. ఆ ఋణం మందుగా, మర్యాదగా వారి గడపకు తిరిగి చేరినప్పుడే ఆ గణనకు న్యాయమన్న పేరు చెల్లుతుంది.