ఒకటి తక్కువ

అనగనగా ఒక పట్టణంలో ఒక సర్జన్ ఉండేవాడు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల మండలాలన్నిటా పేరు. అలాంటి ఆయన దగ్గర కడుపు ఆపరేషన్ చేయించుకున్న ఒక రైతు నెల తిరక్కుండానే నొప్పితో, జ్వరంతో మళ్లీ వచ్చాడు. తిరిగి కోసి చూస్తే నెత్తురు అద్దడానికి వాడే మాప్ ఒకటి లోపలే ఉండిపోయింది. సర్జన్ మండిపడ్డాడు. ఆ రోజు మాప్‌ల లెక్క చూసిన నర్సును ఉద్యోగంలోంచి తీసేశాడు. ఏడాది గడిచేసరికి మరో రోగికీ అదే జరిగింది. రెండో నర్సునూ పంపించేశాడు.

ఈసారి పెద్దాస్పత్రుల్లో పనిచేసి తల నెరిసిన ఒక సిస్టర్‌ను పిలిపించాడు.

"ఇద్దరూ అజాగ్రత్త మనుషులే దొరికారు సిస్టర్. మీరైనా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడండి" అన్నాడు.

"అలాగే సార్. కానీ ఒక వారం నాకు పనేమీ చెప్పకండి. థియేటర్లో ఓ మూల నిలబడి చూస్తాను" అంది ఆమె.

వారం తర్వాత తన కంటబడినవన్నీ చెప్పింది. మాప్‌ల కట్టలో ఒకసారి ఐదుంటున్నాయి, ఒకసారి ఆరుంటున్నాయి. వాడినవన్నీ ఒకే బకెట్టులో ముద్దగా పడుతున్నాయి. లెక్క నర్సు మనసులో ఉండడమే తప్ప ఎక్కడా రాయడం లేదు. సరిగ్గా లెక్కపెట్టే వేళకే సర్జన్ కుట్లకు దారం అడుగుతాడు, ఎవరిదో ఫోను మోగుతుంది, డ్యూటీ దిగే నర్సు వెళ్లి ఎక్కే నర్సు వస్తుంది.

"ఇలాంటి చోట నిలబడితే ఏదో ఒకరోజు నేనూ తప్పుతాను సార్. మీరు మనుషుల్ని మార్చారు. పని జరిగే తీరు అలాగే ఉంది."

ఆ మాట సర్జన్‌కు రుచించలేదు. కానీ మూడో రోగికి జవాబు చెప్పుకునే ధైర్యం లేక సరేనన్నాడు.

అప్పటినుంచి ప్రతి కట్టలోనూ ఐదే మాప్‌లు. వాడినవాటికి అరలున్న సంచీ, అరకొకటి. గోడ మీద తెల్లబోర్డు. ఇద్దరు కలిసి పైకి లెక్కపెట్టాలి. లెక్క తేలేదాకా ఫోను ఎత్తకూడదు, మనిషి మారకూడదు, కుట్లకు దారం ఇవ్వకూడదు. చివరి నియమం ఒక్క సర్జన్‌కే: "ఆగండి" అన్నవాళ్లను కసరకూడదు.

ఒక అర్ధరాత్రి పేగుకు చిల్లు పడిన కేసు వచ్చింది. పని పూర్తయి కుట్లు వేయబోతుంటే బోర్డు దగ్గరున్న కొత్త నర్సుకు గొంతు పెగల్లేదు. చివరికి ఎలాగో అంది: "సార్, ఆగండి. ముప్పైకి ఒకటి తక్కువ."

"నేను లోపలంతా చూశానమ్మా."

పెద్ద సిస్టర్ మాట్లాడలేదు. దారం మాత్రం ఇవ్వలేదు.

సర్జన్ మళ్లీ వెతికాడు. లేదు. మాప్‌లో ఎక్స్‌రేకు కనిపించే దారం ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే తీశారు. అందులోనూ లేదు. మత్తు డాక్టర్ గడియారం వంక చూస్తున్నాడు. పావుగంట గడిచాక ఆ మాప్ బకెట్టు కింద నేలకు అంటుకుని దొరికింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అందరూ సర్జన్ వంక చూశారు.

ఆయన నోటిదాకా వచ్చిన మాటను మింగి, "ఇంకోసారి ఒకటి తగ్గినా ఇలాగే ఆపు" అన్నాడు.

మర్నాడు తాను పంపేసిన నర్సులిద్దరికీ కబురు పెట్టాడు. ఒకామె తిరిగి వచ్చింది. రెండో ఆమె రానంది.

నీతి: తప్పు చేసిన మనిషిని పంపేస్తే తప్పు పోదు. దానికి చోటిచ్చిన పనితీరును మార్చాలి. ఆ మార్పు నిలవాలంటే, అనవసరంగా ఆపినవాళ్లతో కూడా పెద్దలు మంచిగా మాట్లాడాలి.

ఇలాంటి పొరపాట్లు జరగకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల జాబితా ఒకటి ఇచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ దాటించే ముందు వాటిని పైకి అడిగి సరిచూసుకోవాలి. మాప్‌లు, సూదులు, పరికరాల లెక్క అందులో ఒకటి. గదిలో ఉన్నవాళ్లంతా కోతకు ముందు తమ పేరు, పని చెప్పుకోవడం మరొకటి. ఒకసారి నోరు విప్పినవాళ్లకు రెండోసారి "ఆగండి" అనడం తేలిక. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దీన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గినట్టు 2009లో తేలింది. అలాంటి జాబితాలనే అమలు చేసిన కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు 101 ఆస్పత్రుల లెక్కలు 2014లో వచ్చాయి. అక్కడ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాగితం ఒక్కటే చాలదు, దాన్ని వాడే తీరు కూడా ముఖ్యం.

అందరికంటే చిన్న ఉద్యోగి అందరికంటే పెద్ద డాక్టర్‌ను భయం లేకుండా ఆపగలిగిన థియేటరే రోగికి భద్రమైన థియేటర్.