వితాన పద్మము

“వితానము” అను పదమునకు అమరసింహుడు రెండుచోట్ల అర్థము చెప్పినాడు. ఒకచోట అది ఉల్లోచము, అనగా పైన కట్టెడు చందువ. తెలుగువారి మేలుకట్టు అదియే. నానార్థవర్గములో మరికొన్ని అర్థములు కనబడును. వానిలో యజ్ఞము, విస్తారము, తుచ్ఛము అనునవి కలవు. తుచ్ఛమనగా శూన్యము. పరచుట అను అర్థముగల “తను” ధాతువునుండి పుట్టిన పదము గనుక చందువయు విస్తారమును సులభముగనే పొసగును. యజ్ఞమును విస్తరించుట అనుట వైదికవాఙ్మయమున పరిపాటి గనుక అదియు పొసగును. శూన్యము అను అర్థమే చదువుకొను బాలురను తికమక పెట్టును. దానిని ప్రస్తుతము పక్కన ఉంచవచ్చును.

శిల్పశాస్త్రజ్ఞులు దేవాలయపు కప్పునకు ఈ వితానమను పేరే పెట్టిరి. దర్శనమునకు పోవు గృహస్థు చూపు ధ్వజస్తంభము దాటినది మొదలు రెండే చోట్ల నిలుచును. ఎదుట స్వామి, క్రింద గడప. కాలికి రాయి తగులునేమో, పిల్లవాని చేయి జారునేమో, వరుస ముందుకు సాగునేమో అను ఆదుర్దా ఎల్లప్పుడు నుండును. పైకి చూచువారు అరుదు. చూచినను గబ్బిలములున్నవేమో అని చూతురే గాని శిల్పమున్నదని చూడరు. అంత ఎత్తున, అంత చీకటిలో, ఎవరును తలయెత్తని చోట ఇంతటి పనితనము ఎవరికొరకు అను ప్రశ్న కొందరికైనను కలుగక మానదు. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దాని వెనుక మరియొక సందేహము దాగియున్నది. భగవంతుని సన్నిధిలో అలంకారము భక్తికి తోడగునా, అడ్డమగునా?

అపరాజితపృచ్ఛ మొదలగు వాస్తుగ్రంథములు వితానములను ముఖ్యముగా మూడు తెగలుగా విభజించినవి. సమముగా పరచినది సమతలము. లోనికి, పైకి తగ్గుచు పోవునవి క్షిప్తము, ఉత్క్షిప్తము. వీనిలో మరల భేదములు పెక్కులు. ఆ గ్రంథములలో “గజతాలు” అని ఒక మాట కలదు. ఏనుగు అంగిలి వలె వంపుతిరిగిన రాతివరుస అని దాని అర్థము. నోరు తెరచిన ఏనుగును దగ్గరనుండి చూచిన వాడే ఆ పేరు పెట్టియుండును. వరుసలన్నిటి నడుమ నుండి క్రిందికి వ్రేలాడు రాతిమొగ్గకు పద్మశిల యని పేరు.

రాతితో ఇట్టి గుండ్రని కప్పును ఎట్లు కట్టిరో తెలిసికొనుట మంచిది. నాలుగు స్తంభములపై నాలుగు దూలములు నిలిపినచో ఒక చతురస్రమేర్పడును. దాని నాలుగు మూలలకు అడ్డముగా నాలుగు రాళ్లు పరచినచో మధ్యనున్న ఖాళీ చిన్నదగును. దానిపై మరియొక వరుసను కొంచెము లోనికి జరిపి పేర్తురు. దానిపై ఇంకొకటి. సున్నముతో అతుకుట లేదు. ప్రతి రాతి ముందుభాగము గాలిలో ఉండును. వెనుకభాగముపై పైవరుసల బరువు పడి దానిని అణచి పట్టును. ఏ రాయి యైనను ఒంటరిగా నుండిన తోడనే పడిపోవునదే. తనపై పడిన భారమే దానిని పడకుండ కాచుచున్నది. చివరకు మిగిలిన చిన్న రంధ్రమును మూయు రాయియే క్రిందికి పద్మమై దిగివచ్చును.

కర్ణాటకదేశమున యగచి నదీతీరమందలి బేలూరు ఇందులకు తగిన క్షేత్రము. బిట్టిదేవుడను పేరుగల హొయ్సళరాజు జైనుడై యుండి భగవద్రామానుజుల అనుగ్రహముచే విష్ణువర్ధనుడైనాడని సంప్రదాయము. ఆ రాజు 1117లో అచట విజయనారాయణుని ప్రతిష్ఠించినాడు. ఆ స్వామియే నేడు చెన్నకేశవుడని పూజలందుకొనుచున్నాడు. ఆలయము కట్టిన రాయి బలపపు రాయి. గనినుండి తీసినప్పుడు మెత్తగా ఉలికి లొంగును. గాలి సోకిన కొలది గట్టిపడును. నగిషీపనికి ఇంతకంటె అనుకూలమైనది లేదు. బళ్లిగావె నుండి వచ్చిన దాసోజుడు, అతని కుమారుడు చావణుడు మొదలగు శిల్పులు తమ పేర్లను రాతిపై చెక్కుకొనిరి. బేలూరు, హళేబీడు, సోమనాథపురముల ఆలయములను 2023లో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చిరి. లోకమునకు తెలియుట మంచిదే. భక్తులకు అవి అంతకుముందే క్షేత్రములు.

బేలూరు నవరంగమున నడుమనున్న నాలుగు స్తంభములపై సుమారు 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గల వితానము కలదు. దాని శిఖరమునుండి దిగివచ్చిన పద్మకోశముపై త్రిమూర్తులను చెక్కిరి. స్తంభముల పైభాగమున నలుగురు మదనికలు నిలిచియున్నారు. యాత్రికులకు మార్గదర్శకులు మొట్టమొదట చూపునది వారినే. ఒక మదనిక చేతిగాజు కదలునని చెప్పి ఆశ్చర్యపరతురు. గాజు కదలినను కదలకున్నను చూడవలసినది దానికి పైన ఉన్నది. గుండ్రని కప్పు అడుగుభాగమున శ్రీరామకథ వరుసగా చెక్కబడియున్నది. గోడపై చెక్కిన కథను నడచుచు చదువవచ్చును. వలయముగా చెక్కిన ఈ కథను చదువవలెనన్న నిలిచినచోటనే తాను తిరుగవలెను. ఆత్మప్రదక్షిణము ఎరిగిన వారికి ఇది క్రొత్త కాదు. ఇంటిలో మంత్రపుష్పము ముగిసినపుడు ప్రతి గృహస్థుడును చేయునదే. అచట మంత్రము తిప్పును, ఇచట రామకథ తిప్పును.

సమతల వితానములలోను ఇట్టి ఏర్పాటే కలదు. తొమ్మిది అంకణములుగా విభజించిన కప్పున నడుమ దేవతయు, చుట్టును దిక్పాలకులును ఉందురు. ఐరావతముపై ఇంద్రుడు, మేషముపై అగ్ని, మహిషముపై యముడు, నరునిపై నిరృతి, మకరముపై వరుణుడు, మృగముపై వాయువు, అశ్వముపై కుబేరుడు, వృషభముపై ఈశానుడు. నేలపై వేయు ముగ్గునకు ఎదురు దిక్కున నిలిచి చూచిన తలక్రిందులగును గాని, కప్పునకు అసలు తల, అడుగు అను భేదమే లేదు. ఏ దిక్పాలకుని చూడగోరిన వాడు ఆ దిక్కునకే మొగము త్రిప్పవలెను.

ఇక పద్మము సంగతి. లోకములో తామర సూర్యుని చూచి పైకి వికసించును. వితానపద్మము క్రిందికి మొగము పెట్టియుండును. ఇది కేవలము కట్టడపు అవసరమనుకొనువారు నారాయణసూక్తమును తలచుకొనవలెను. ప్రతిదినము ఆలయములలోను ఇండ్లలోను పఠింపబడు ఆ సూక్తము హృదయమును అధోముఖమైన పద్మకోశముతో పోల్చినది. అది నాభికి పైన వ్రేలాడుచున్నదని చెప్పినది. దాని నడుమ అగ్ని, ఆ అగ్నిశిఖ మధ్యమున పరమాత్మ స్థితి. మరియొక విశేషము. పద్మకోశమును చుట్టియున్నవానిని చెప్పుచోట పాఠము “శిలాభిః” అని వినబడుచున్నది. పెద్దలు దానికి నాడులు, సిరలు అని అర్థము చెప్పుదురు. ఆ అర్థమే సరియైనది, శరీరములో శిలలెక్కడివి? అయినను నవరంగమున నిలిచి పైకి చూచినవానికి శిలలచే చుట్టబడి వ్రేలాడు పద్మకోశము ప్రత్యక్షముగా కనబడుచున్నది. శిల్పి ఈ మంత్రమును తలచియే చెక్కెనని సాధింపబూనుట సాహసము. కాని ఆలయమును దేహముగా భావించుట ఆగమజ్ఞులకు అలవాటు. ఆ దేహములోనికి ప్రవేశించిన భక్తుడు హృదయపద్మము క్రింద నిలిచినాడనుటలో తప్పులేదు.

ఎవరికొరకు అను ప్రశ్నకు ఇంకొక సమాధానమును కలదు. షోడశోపచారములతో తృప్తి చెందక భక్తులు స్వామికి రాజోపచారములు జరుపుదురు. ఛత్రము, చామరము, దర్పణము అందులోనివి. గొడుగు పట్టుట గొడుగు క్రింద నున్నవాని మర్యాదకే గాని వీథిలో చూచువారి వినోదమునకు కాదు. యామునాచార్యులు స్తోత్రరత్నమున ఆదిశేషుని సేవలను చెప్పుచు నివాసము, శయ్య, ఆసనము, పాదుకలు, వస్త్రము, తలగడ, వానయెండలనుండి కాపాడు గొడుగు, ఇన్నియు ఆయనయే అయినాడన్నారు. అన్ని విధముల శేషత్వమును నెరపుటచేతనే ఆయనకు శేషుడని పేరు తగినది. ఆలయపు కప్పు చేయుచున్నదియు ఆ సేవలలో ఒకటియే. కులశేఖరాళ్వారు వేంకటాద్రిపై స్వామి సన్నిధిలో మెట్టుగానైనను పడియుండగోరినారు. అందుచేతనే గర్భాలయపు గడపకు కులశేఖరపడి అను పేరు నేటికిని నిలిచినది. గడపను అందరును చూతురు, నమస్కరింతురు. కప్పునకు ఆ భాగ్యమును లేదు. అది స్వామి దృష్టిలో ఉన్నది, అంతియే.

అలంకారము భక్తికి అడ్డమగునను వారి మాటలో సత్యము లేకపోలేదు. స్వామి ఎదుట హారతి జరుగుచుండగా కప్పువైపు చూచుచు నిలుచుట అవివేకము. ముందు దర్శనము, తీర్థము, శఠారి స్వీకరించి వెలికి వచ్చునప్పుడు మండపమున కొంతసేపు కూర్చొను ఆచారము ఎట్లును కలదు. తలయెత్తవలసినది అప్పుడు. కప్పు బాగుగ కనబడునని వెల్లకిల పరుండువారు కొందరు కలరు. సన్నిధివైపు కాళ్లు చాపుట అపచారములలో ఒకటిగా చెప్పబడియుండగా ఆ పని ఎంతమాత్రము కూడదు. చిన్న అద్దమును అరచేత పట్టుకొని చూచినచో మెడ నొప్పియు లేదు, అపచారమును లేదు. చీకటి మూలలు కూడ దానిలో కొంత తేటపడును.

తెలుగునాట ఇట్లు తలయెత్తి చూడవలసిన చోటు లేపాక్షి. 1529 నుండి 1542 వరకు రాజ్యమేలిన అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు పెంపు చేసిన వీరభద్రాలయమది. శైవక్షేత్రమని వైష్ణవులు దానిని విడువనక్కరలేదు. లోపల పాపనాశేశ్వరునకు ఎదురుగా రఘునాథుని సన్నిధి కలదు. అచట కప్పున ఉలిపనికంటె కుంచెపని ఎక్కువ. శ్రీరామ పట్టాభిషేకము, ద్రౌపదీ స్వయంవరము, కిరాతార్జునీయము మొదలగు కథలు రంగులలో ఉన్నవి. వానిలో మర్రియాకుపై పవళించిన బాలకృష్ణుని చూచిన వారెవరును మరువరు. ఏ మూలనుండి చూచినను ఆ శిశువు తమనే చూచుచున్నాడని ప్రతివారును చెప్పుదురు. నీరు దిగి చాలచోట్ల రంగు పోయినది. ఉన్నంతవరకు చూపు పోలేదు.

ఇక మిగిలినది సోమనాథపురము. మైసూరునకు సమీపమున కావేరి ఒడ్డున 1258లో, మూడవ నరసింహుని కాలమున, సోమనాథ దండనాయకుడు కట్టించిన త్రికూటాలయమిది. పడమట కేశవుడు, దక్షిణమున వేణుగోపాలుడు, ఉత్తరమున జనార్దనుడు. మండపము కప్పు పదునారు వితానములుగా విభజింపబడినది. ఒకదాని వలె మరియొకటి లేదు. ఒకచోట తామర ముడుచుకొన్న మొగ్గ, ఒకచోట రేకులు విచ్చుచున్నది, ఒకచోట పూర్తిగ విరిసినది. ఒకచోట అరటిపువ్వు. తోటలో గెల చివర వ్రేలాడు అరటిపువ్వును చూచి నేర్చిన పని అది. దొప్పలు ఒకదానిపై నొకటి ఎట్లు అమరునో అట్లే అమర్చినాడు. ఆ ఆలయమున పలు శిల్పములపై మల్లితమ్మ అను శిల్పి పేరు కలదు.

కాని ఇచట పూజ లేదు. శిల్పములు భిన్నమైనవి. భిన్నమైన బింబము పూజార్హము కాదని శాస్త్రము. మూలకేశవమూర్తి అసలే లేదు. ఇప్పుడు గర్భగృహమున కనిపించునది తరువాత ఉంచిన విగ్రహము. వేణుగోపాలుడు నేటికిని మురళి పట్టి నిలిచియున్నాడు, నైవేద్యము లేదు. దీపము లేదు. పూజ జరుగుచున్నదనుకొని ఇంటినుండి తులసి తెచ్చిన వృద్ధులు ఎవరి చేతికి ఈయవలెనో తెలియక నిలువబడుదురు. వారిని ఓదార్చుటకు పండితులు చెప్పు మాటలు కొన్ని కలవు. భగవంతుడు సర్వవ్యాపి అని, హృదయములోనే ఉన్నాడని. ఆ మాటలు సత్యములే. అయినను తులసి చేతిలోనే ఉన్నది, అర్చకుడు లేడు. ఆ కొరత నిజమైన కొరత.

అమరసింహుడు చెప్పిన మూడవ అర్థము, మొదట పక్కన ఉంచినది, ఇచట తల ఎత్తును. వితానమనగా శూన్యము. స్వామి లేని గర్భగృహము ముందర పదునారు వితానములు. అవి శూన్యమైనవా? చందువ క్రింద కూర్చొనువాడు లేచిపోయిన పిదప పందిరి విప్పుదురు. యజ్ఞము ముగిసినపుడు యాగశాలను దహింతురు. ఈ రాతిచందువను ఎవరును విప్పలేదు. కట్టినవారు ఎంతకాలము సేవ జరుగునో లెక్కవేసి కట్టలేదు. మొగ్గను మొగ్గగనే, విరిసినదానిని విరిసినట్లే చెక్కి, స్వామికి పైన నిలిపి వెడలిపోయిరి. వారి యజ్ఞము ఆనాడే పూర్తి అయినది. దాని ఫలమును ఇప్పుడు కొలుచుట ఎవరికిని సాధ్యము కాదు.

ఎండవేళ ముఖమండపపు నేలపై పడిన వెలుగు పైకి మరలి ముందరి వితానములలో కొంత దూరము పాకును. అప్పుడు రేకుల అంచులు కనబడును. లోపలి వానిలో నడిమి మొగ్గ మాత్రము నీడలోనే ఉండును. తులసి తెచ్చినవారు కొంతసేపు దాని క్రింద కూర్చొని, దళములను మరల కొంగున ముడివేసికొని, ఇంటిలోని సాలగ్రామమునకు సమర్పింపవచ్చునని లేతురు.