‘ప్రస్తుత చిరునామా’ అనే గడి

మూడేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు నాకో చిన్న పని అప్పజెప్పారు. పనికొచ్చేవాళ్ల వివరాలు తీసుకునే ఫారం తయారుచెయ్యాలి. పేరు, ఫోన్ నంబరు, ఆధార్, ప్రస్తుత చిరునామా. ఏ గడి ఖాళీగా ఉన్నా ఫారం ముందుకి కదలకూడదు. ఆఫీసులో రోజూ చేసే పనే కాబట్టి అరగంటలో అయిపోయింది.

ఆ నెలలోనే ఒకామె మెట్లు ఊడ్చే పని ఉందని తెలిసి గేటు దగ్గరికొచ్చింది. చంకలో పాప, పక్కన ఆరేడేళ్ల బాబు. వాచ్‌మన్ నాకు ఫోన్ చేశాడు. “సార్, రాత్రిళ్లు స్టేషన్ దగ్గర పడుకుంటదంట. అడ్రస్ లేదు. ఏం చెయ్యమంటరు?” నేను మీటింగ్‌లో ఉన్నాను. “రూల్ అందరికీ ఒకటే కదన్నా. అడ్రస్ దొరికాక రమ్మను” అన్నాను.

నేనన్నదాంట్లో అబద్ధం లేదు. రూల్ అందరికీ ఒకటే. కానీ ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. పని లేకుండా ఆమెకి అడ్రస్ ఎలా దొరుకుతుంది? రెండు నెలల అడ్వాన్సు చేతిలో లేనిదే ఒంటిగది కూడా ఎవరూ ఇవ్వరు. లేడీస్ హాస్టళ్లు చాలావరకు పిల్లల్ని రానివ్వవు. పని దొరికిందే అనుకుందాం, ఆ నాలుగు గంటలూ పాపని ఎవరు చూస్తారు?

మా వృత్తిలో దీన్ని డెడ్‌లాక్ అంటాం. రెండు ప్రోగ్రాములు, ఒకదాని చేతిలో ఉన్నదాని కోసం రెండోది ఎదురుచూస్తూ ఉంటాయి. దేనిలోనూ తప్పుండదు. రెండూ రూల్ ప్రకారమే నడుస్తుంటాయి, అయినా ఎంతసేపు ఆగినా కదలవు. ఎవరో ఒకరు బయటనుంచి వచ్చి ముడి విప్పితే తప్ప.

ఇక్కడ ప్రశ్న, ఆ ముడి ఎటువైపు నుంచి విప్పాలని. మనలో చాలామందికి ‘ముందు పని, తర్వాత ఇల్లు’ అనేదే న్యాయంగా తోస్తుంది. కష్టపడితే ఫలం. సాయం చేసేవాళ్లూ ఎక్కువగా ఇదే వరస పాటిస్తారు: ముందు శిక్షణ, తర్వాత పని, కొన్నాళ్లు చూసి, నిలబడితే అప్పుడు ఇల్లు.

అమెరికాలో ఈ ప్రశ్నని నేరుగా పరీక్షించారు. 2008లో అక్కడి గృహవసతి శాఖ మొదలుపెట్టిన అధ్యయనంలో, 12 ప్రాంతాల షెల్టర్లలో ఉన్న 2,282 కుటుంబాలని తీసుకున్నారు. ఎక్కువమంది ఒకరిద్దరు పిల్లలున్న చిన్నవయసు తల్లులే. లాటరీ పద్ధతిలో కొందరికి ఎప్పటికీ కొనసాగే అద్దె సాయం, కొందరికి కొన్ని నెలల అద్దె, కొందరికి కౌన్సెలింగ్ వగైరాలతో కూడిన తాత్కాలిక వసతి ఇవ్వజూపారు. మిగిలినవాళ్లకి మామూలుగా అందేదే. మూడేళ్ల తర్వాత చూస్తే, ఎప్పటికీ కొనసాగే అద్దె సాయం అందినవాళ్లే అందరికంటే మెరుగ్గా ఉన్నారు. మళ్లీ రోడ్డున పడటం సగానికి పైగా తగ్గింది. భాగస్వామి చేతిలో దెబ్బలు తినడం తగ్గింది. పిల్లలు బడులు మారడం తగ్గింది.

ఇంకోటి కూడా తగ్గింది. ఆ తల్లులు పనికి వెళ్లడం కొద్దిగా తగ్గింది.

ఇది చదివినప్పుడు నా మొదటి ఆలోచన, “చూశారా, ఊరికే ఇస్తే ఇంతే” అని. ఆ తర్వాత సిగ్గేసింది. మా ఆఫీసులో ప్రసవం తర్వాత ఏడాది ఇంట్లో ఉన్న సహోద్యోగిని మేమంతా మెచ్చుకున్నాం, పాపకి తల్లి దగ్గరుండాలి కదా అన్నాం. అదే పని పేదతల్లి చేస్తే బద్ధకమా? దెబ్బలు తగ్గి, పిల్లాడు అదే బడిలో కుదురుకుని, తల్లి రెండు గంటలు తక్కువ పనిచేస్తే, ఆ లెక్కలో నష్టం ఎవరికి?

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో మన సుప్రీంకోర్టు, బతుకుతెరువు జీవించే హక్కులో భాగమేనంది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉండేవాళ్లు పనికి దగ్గరగా ఉండాలనే అక్కడ ఉంటున్నారనీ, అక్కణ్ణుంచి తీసేస్తే బతుకుతెరువే పోతుందనీ ఒప్పుకుంది. ఒప్పుకుని, నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చని కూడా అంది. నా ఫారం చేసిందీ అలాంటిదే. అర్థం చేసుకుంది, రానివ్వలేదు.

మన భాషలో ఆడవాళ్లకి రెండు ఇళ్లున్నాయి: పుట్టిల్లు, మెట్టిల్లు. మెట్టినింట్లో దెబ్బలు భరించలేక బయటికొస్తే, పుట్టినింటివాళ్లు “సర్దుకుపో అమ్మా” అంటారు. 2005 గృహహింస చట్టం కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకిచ్చింది. కానీ కొట్టేవాడి పక్కనే ఉండి ఆ హక్కు నిలబెట్టుకోవడం మాటలు కాదు. పేరుకి రెండిళ్లు, ఫారంలో రాయడానికి ఒక్కటీ లేదు.

ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్ వచ్చినప్పుడు, ఉద్యోగం దొరికేదాకా నాలుగు నెలలు కూకట్‌పల్లిలో మా బాబాయ్ ఇంట్లో ఉన్నాను. పిన్ని వండిపెట్టింది. ప్రతి అప్లికేషన్‌లోనూ ఆ ఇంటి అడ్రసే రాశాను. ముందు ఉద్యోగం తెచ్చుకో, అప్పుడు గదిస్తాం అని వాళ్లు అనలేదు. నా విషయంలో ‘ముందు ఇల్లు’ అనేది సిద్ధాంతం కూడా కాదు, బంధుత్వం. నాకు ఊరికే దొరికినదాన్ని ఆమె సంపాదించుకుని రావాలని నేను రూల్ రాశాను.

దీనికి ఎదురుగా ఒక గట్టి ప్రశ్న ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాలుగిళ్లు చేసి అద్దె కట్టుకుంటోంది. “రోడ్డున పడ్డామెకి ఇస్తే, పడకుండా ఆపుకున్న నాకేంటి?” అని ఆమె అడిగితే? నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమెకీ రావాలి అనగలను గానీ, ఆమెకి రాలేదు కాబట్టి ఇంకొకరికీ రాకూడదు అని మాత్రం అనలేను.

తర్వాత ఆ గడి తప్పనిసరి కాదని మార్చాను. మా సెక్రటరీగారు, “రేపు ఏదైనా పోతే బాధ్యత ఎవరిదండీ?” అన్నారు. నాది అన్నాను. ఆమె మాత్రం మళ్లీ రాలేదు. ఏం పేరో వాచ్‌మన్‌కి గుర్తు లేదు. చిరునామా గడి నిండనిదే ఫారం సేవ్ కాదు కాబట్టి, పేరు కూడా మా దగ్గర లేదు.