కొండ దేవుడైతే బొమ్మ ఎందుకు?

లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల బొమ్మలున్నాయి. తెల్లబట్టలు, తలమీద పొడుగాటి కుళ్లాయిలు. పూజారి ఇచ్చే విభూతి అందుకుంటూ మొహాలు పక్కకి తిప్పుకుని ఉంటారు. మెడ పట్టేసేదాకా చూసినా మనవైపు చూడరు. బళ్లారిలో డ్రాయింగు మాస్టారుగా ఉన్నన్నాళ్లూ పిల్లలకి మొహం గీయడం ఈ అన్నదమ్ములతోనే మొదలుపెట్టించేవాణ్ణి.

ఆ తర్వాత డాలరు నోటు చూపించేవాణ్ణి. దానిమీది వాషింగ్టన్ మొహానికి మూలం 1796లో గిల్బర్ట్ స్టువర్ట్ వేసి సగంలో వదిలేసిన చిత్రం. ఆయన సూటిగా మన కళ్లలోకే చూస్తాడు. మనిషి ఎవరో అతని మొహం చెబుతుందా, అతను ఎవరికి ఎదురుగా నిలబడ్డాడో అది చెబుతుందా? నా మటుకు నాకు లేపాక్షి వాళ్లదే నిజం అనిపిస్తుంది.

ప్రకృతి దగ్గరికొచ్చేసరికి నాకు అంత ధీమా లేదు. హంపి విరూపాక్షుడి మండపం కప్పుమీద తపస్సులో ఉన్న శివుడు, బాణం ఎక్కుపెట్టిన మన్మథుడు ఉన్నారు. ఆ తపస్సు జరిగిందనే హేమకూటం గుడి పక్కనే ఉంది, బొమ్మలో మాత్రం దానికి పెద్దగా చోటు దక్కలేదు. కొండే దేవుడు, రోజూ కళ్లెదుట ఉన్నాడు, మళ్లీ గీయడమెందుకు అనుకుని ఉంటారు. ఆ భక్తి నాకు అర్థమవుతుంది.

అమెరికా వాళ్లు కొండని దేవుడనలేదు. దేవుడి సృష్టి అన్నారు, పెద్దపెద్ద కాన్వాసుల మీద గీశారు. 1871లో థామస్ మోరన్ ఒక సర్వే బృందంతో యెల్లోస్టోన్ వెళ్లాడు. పసుపుపచ్చని లోయ గోడలు, జలపాతం, వేడినీటి బుగ్గలు నీటిరంగుల్లో వేసి తెచ్చాడు. అవీ, ఆ బృందంలోని జాక్సన్ తీసిన ఫొటోలూ కాంగ్రెస్ సభ్యులు చూశారు. 1872 మార్చి 1న ఆ నేలని అమ్మకుండా, తవ్వకుండా చట్టమైంది. అదే ఏడు మోరన్ వేసిన పెద్ద చిత్రాన్ని కాంగ్రెస్ పదివేల డాలర్లకి కొన్నది. తరతరాలుగా అక్కడ తిరిగిన ఆదివాసులని తర్వాత వెళ్లగొట్టారు, ఆ సంగతీ మరవకూడదు. అయినా కొండ నిలిచింది.

మా బళ్లారి జిల్లా సండూరు కొండమీద సాక్షాత్తు కుమారస్వామి, పార్వతమ్మ ఉన్నారు. ఆ కొండల్లోంచే లారీలకి లారీలు ఇనుప ఖనిజం పోయింది. రోడ్డు పక్క వేపాకు కూడా ఎర్రబడింది. 2011 జులైలో సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపించింది, తర్వాత షరతులతో మళ్లీ మొదలయ్యాయి. మొక్కే చేతులు చాలా ఉన్నాయి, అడ్డంపెట్టిన చేతులు ఎన్ని? దేవుడని మొక్కి కళ్లు మూసుకున్నాం. బొమ్మ గీసేవాడు కళ్లు మూసుకుంటే కుదరదు.

కొండ గీయమంటే పిల్లలు రెండు త్రికోణాలు, మధ్యలో సూర్యుడు వేసేవాళ్లు. ఒకసారి సండూరు తీసుకెళ్లి కూర్చోబెట్టాను. శిఖరం లేదు, పొడుగ్గా గోడలా ఉంది, ఒకచోట మెట్లు మెట్లుగా కోసేసిన ఎర్రమట్టి. ఒక పిల్ల అడిగింది, "సార్, కోసింది కూడా గీయాలా?" గీయమన్నాను.

గుడి పెద్దలకి నా మనవి ఒకటే. కుమారస్వామి పటం పక్కన ఆయన కొండ బొమ్మ కూడా ఒకటి వేయించి పెట్టండి. ఉన్నది ఉన్నట్టుగా, కోతతో సహా.