మారీచుని గొంతు – హనుమంతుని గుర్తు



 

ఏటా శరన్నవరాత్రుల రోజుల్లో మన ఆలయంలో సుందరకాండ పారాయణం చేసుకుంటాము కదా. ఈసారి పారాయణం ఏర్పాట్లు చూస్తుండగా ఒక పెద్దావిడ మా దగ్గర కూర్చుని తన అనుభవం చెప్పారు. ఆవిడ అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాము.

కొడుకు, కోడలు ఉద్యోగాలకు, పిల్లలు స్కూలుకు వెళ్ళిపోయాక ఆవిడ ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో అమ్మాయి గొంతు. "ఈరోజు మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని ఇంగ్లీషులో ఎంతో ఆప్యాయంగా అడిగింది. ఈవిడ తనకు వచ్చిన ఇంగ్లీషులో మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పారు. అవతలి గొంతు జాలిగా నిట్టూర్చింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఆ తరువాత మెడికేర్ కార్డు నెంబరు చెప్పమంది. ఈవిడ కార్డు కోసం లేస్తూ, మనవాళ్ళ అలవాటు చొప్పున "నీది ఏ ఊరమ్మా?" అని అడిగారు. జవాబు రాలేదు. అదే స్వరంతో, అదే నిట్టూర్పుతో మళ్ళీ కార్డు నెంబరు అడిగింది. మూడుసార్లు అడిగినా ఊరి పేరు మాత్రం చెప్పలేదు. ఈవిడకు భయం వేసి ఫోను పెట్టేశారు. అది మనిషి కాదు, యంత్రమని సాయంత్రం మనవడు చెప్పాడట.

"ఏమీ పోలేదు పంతులుగారూ. కాని ఆ రోజు నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది అదొక్కటే" అన్నారావిడ. ఆ మాట మమ్మల్ని ఇంకా వదలలేదు.

ఇటువంటి ఫోన్లు కొత్తవి కావు. 2013 డిసెంబరులో టైమ్ పత్రిక విలేఖరులకు ఆరోగ్య బీమా గురించి ఒక స్త్రీ గొంతు ఫోను చేసింది. నువ్వు యంత్రానివా అని అడిగితే నవ్వి, తాను మనిషినేనంది. టమాటో సూపులో ఏ కూరగాయ వేస్తారని అడిగితే ప్రశ్న అర్థం కాలేదంది. ముందే రికార్డు చేసిన మాటలను, నవ్వులను ఒక్కొక్క మీట నొక్కి వినిపించే పద్ధతులు అప్పటికే వాడుకలో ఉన్నాయి. ఇప్పుడైతే ఆ రికార్డులతో పని లేకుండా యంత్రమే అప్పటికప్పుడు మాటలు అల్లి జవాబు చెప్పగలదు. మనకు తెలిసిన మనిషి గొంతును కొద్దిసేపు వింటే చాలు, అదే గొంతుతో పలకగలదు. 2024 జనవరిలో న్యూహాంప్‌షైర్ ఓటర్లకు ఆనాటి అధ్యక్షుడు బైడెన్ గొంతును అనుకరించిన ఫోన్లు వెళ్ళాయి. ఫిబ్రవరి 8న ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, కృత్రిమ మేధ సృష్టించిన గొంతులకు కూడా 1991 నాటి చట్టం వర్తిస్తుందని, ముందుగా అనుమతి తీసుకోకుండా అటువంటి కాల్స్ చేయడం చట్టవిరుద్ధమని ప్రకటించింది. అయితే చట్టానికి భయపడని వాడిని చట్టం ఒక్కటే ఆపలేదు కదా!

మన రామాయణంలో ఈ మాయ ఎప్పుడో జరిగింది. బంగారులేడిగా వచ్చిన మారీచుడు బాణం తగిలి ప్రాణం విడుస్తూ రాముని గొంతుతో సీతను, లక్ష్మణుణ్ణి పిలిచాడు. అది రాక్షసమాయ అని లక్ష్మణుడు చెప్పినా సీతమ్మ మనసు ఆగలేదు. తెలివి లేక కాదు, భర్తపై ఉన్న ప్రేమ వల్ల. ఆ ప్రేమను ఎరగా వేసిన వాడిదే పాపం. అందువల్ల ఇటువంటి ఫోన్లకు మోసపోయిన పెద్దలను "నీకామాత్రం తెలియదా" అని దయచేసి ఎవరూ చిన్నబుచ్చకండి. సిగ్గుపడిన మనిషి రెండోసారి మోసపోయినప్పుడు ఇంట్లో చెప్పరు.

లక్ష్మణుడు వెళ్ళాక రావణుడు సన్యాసి వేషంలో వచ్చాడు. అతిథి కదా అని అమ్మ తన వివరాలన్నీ చెప్పింది. మనమూ అంతే. అడిగినవారికి జవాబు చెప్పకపోతే మర్యాద కాదనుకుంటాము.

ఇక సుందరకాండకు వద్దాము. అశోకవనంలో హనుమంతుడు ఎంత మధురంగా రామకథ చెప్పినా, దగ్గరకు రాగానే సీతమ్మ ఇతడు మళ్ళీ మారువేషంలో వచ్చిన రావణుడేమోనని శంకించింది. రామలక్ష్మణుల గుర్తులు చెప్పమంది. హనుమంతుడు నొచ్చుకోలేదు. ఓపికగా వారి రూపురేఖలన్నీ వర్ణించి, ఉంగరం ఇచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మ కూడా చూడామణి ఇచ్చి, చిత్రకూటంలో తనకూ రామునికీ తెలిసిన కాకి వృత్తాంతం గుర్తుగా చెప్పి పంపింది. గుర్తు అడగడం అమర్యాద కాదని ఈ ఘట్టం చెబుతోంది. నిజమైన వాడు గుర్తు అడిగితే సంతోషిస్తాడు, తొందరపెట్టడు.

కాబట్టి ఈ పండుగకు మీ ఇంట్లో అందరూ కూర్చుని ఒక గుర్తుమాట పెట్టుకోండి. అది ఊళ్ళో మీ పెరటి చెట్టు పేరు కావచ్చు, తాతగారి ముద్దుపేరు కావచ్చు. "నేను ప్రమాదంలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు" అని మనవడి గొంతే వినిపించినా ఆ మాట అడగండి. ఫోను పెట్టేసి, మీ దగ్గరున్న అతని నెంబరుకు మీరే చేయండి. మెడికేర్ పథకాలు మార్చుకునే గడువు ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ఉంటుంది. ఈ రోజుల్లో అటువంటి ఫోన్లు వస్తే జాగ్రత్త. మెడికేర్ వారు పిలవకుండా ఫోను చేసి మీ కార్డు నెంబరు అడగరు.

చివరిగా మా సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ పెద్దావిడ మాట విన్నాక మేము సిగ్గుపడ్డాము. తీర్థం ఇస్తూ "బాగున్నారా" అని అడిగి, జవాబు వినకుండానే తరువాతి వారి వైపు తిరిగిన రోజులు మాకూ ఉన్నాయి. అదీ రికార్డు వేసినట్టే. యంత్రం జవాబు వినదని నిందించే ముందు మనం వింటున్నామా అని చూసుకోవాలి. ఒంటరిగా ఉన్న మనిషికి దొంగ పలకరింపు కూడా తీపిగానే ఉంటుంది.

ఈ తొమ్మిది రోజులూ రోజుకొక పెద్దవారికి మీరే ఫోను చేయండి. ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, మోకాళ్ళ నొప్పుల సంగతి చివరిదాకా వినండి. "నీది ఏ ఊరు నాయనా?" అని వారు అడిగితే తీరిగ్గా చెప్పండి. అమ్మవారికి అది కూడా పూజే.

శుభం భూయాత్.

ఇట్లు,
ఆలయ అర్చక బృందం